‘తీరా చూస్తే’ అనే మాటను ఇంగ్లీషులో ఎక్కడ వింటాం?

ప్రశ్న: నేను ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. ఇంగ్లీషులో వచ్చిన మెయిల్ చదివి జవాబు రాయగలను కానీ, నలుగురూ చేరి మాట్లాడుకునేటప్పుడు సగం మాటలు అందవు. స్నేహితుడి సలహాతో ఆరు నెలలుగా రోజుకు గంటసేపు అమెరికా, బ్రిటన్ హాస్య ఇంటర్వ్యూలు చూస్తున్నాను. ప్రేక్షకులు నవ్వినప్పుడు నేనూ నవ్వుతున్నాను తప్ప, కొత్త మాట ఒక్కటీ నోటికి రాలేదు. వీటిని మానేసి గ్రామర్ పుస్తకం పట్టుకోమంటారా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మానవద్దు. మీరు పట్టుకున్నది మంచి దారే, నడిచే తీరు మాత్రం మార్చుకోవాలి. రోజుకు గంట చూడడానికి బదులు నాలుగు నిమిషాల ముక్క ఒకటి ఎంచుకుని, వారమంతా దాన్నే వినండి. నాలుగు నిమిషాలని ఊరికే అనడం లేదు. అమెరికాలో రాత్రిపూట వచ్చే టాక్ షోలకు అతిథి రాకముందే కార్యక్రమం సిబ్బంది ఆయనతో మాట్లాడి, ఏ ముచ్చట బాగుంటుందో చూసి ఉంచుకుంటారు. వేదిక మీద అది అప్పుడే గుర్తొచ్చినట్లు వినిపించినా, దానికి ఒక ఎత్తుగడ, ఒక మలుపు, ఒక ముగింపు ముందే కుదిరి ఉంటాయి. పైగా జనం నవ్వుతున్నంతసేపూ అతిథి ఆగుతాడు కాబట్టి, విన్నది మనసులో పట్టడానికి మీకూ కాస్త వ్యవధి దొరుకుతుంది. నేర్చుకునేవారికి ఇంత వీలైన పాఠం పుస్తకాల్లో అరుదు.

ఇక ఏ మాటలు ఏరుకోవాలన్నది అసలు సంగతి. చాలామంది నవ్వు పుట్టించిన మాటనే నోట్‌బుక్‌లో రాసుకుంటారు. అది మళ్లీ ఎప్పుడో గాని తగలదు. మీరు కథను ముందుకు నడిపే చిన్న మాటలను పట్టుకోండి. ‘టర్న్స్ అవుట్’ అని వినబడితే నిఘంటువు తీయకండి, అది మన ‘తీరా చూస్తే’. ‘ఐ ఎండెడ్ అప్ స్లీపింగ్ ఇన్ ద కార్’ అంటే ‘చివరికి కారులోనే పడుకోవలసి వచ్చింది’ అని. ‘ఐ వజ్ లైక్’ అన్నచోట పోలిక ఏమీ లేదు, మనం ‘నేనేమో ఇలా అన్నాను’ అని చెప్పేదే అది. ‘దిస్ గై కమ్స్ అప్ టు మీ’ అన్నప్పుడు ‘దిస్’ అంటే ‘ఈ’ కాదు; ‘ఇంతలో ఒకాయన నా దగ్గరికి వస్తాడు’ అని అర్థం. జరిగిపోయిన సంగతిని ‘వస్తాడు, అంటాడు’ అని చెప్పే అలవాటు మనకూ ఉన్నదే కనుక, ఇది మీకు తేలిగ్గానే పట్టుబడుతుంది.

వీటన్నింటిలో నాకు బాగా ఇష్టమైనది ‘అపారెంట్లీ’. మన క్రియ చివర చేరే ‘అట’కు ఇంగ్లీషులో ఇంతకంటే దగ్గరి మాట లేదు. ‘ఆయన రావడం లేదట’ అనడానికి మనవాళ్లు ‘హీ ఈజ్ నాట్ కమింగ్ ఇట్ సీమ్స్’ అంటారు. మన మధ్య ఆ మాట చెల్లుతుంది గాని, బయటివారికి అది ఎవరో చెప్పగా విన్నట్లు కాక, మనమే ఊహించి చెప్పినట్లు వినిపిస్తుంది. ‘అపారెంట్లీ’ అని మొదలుపెట్టి చూడండి, విన్నవారికి మీ ‘అట’ సరిగ్గా చేరుతుంది.

మాటలు తెలిసినా చెవికి అందకపోవడం వేరే ఇబ్బంది. పదజాలం మీద ఎంతో కృషి చేసిన న్యూజిలాండ్ ఆచార్యుడు పాల్ నేషన్ 2006లో ప్రచురించిన లెక్కల ప్రకారం, మాట్లాడే ఇంగ్లీషులో నూటికి 80కి పైగా మాటలు ఎక్కువగా వాడే మొదటి 1,000 పద కుటుంబాలలోనివే (‘గో, గోస్, గోయింగ్’ లాంటి రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం). మెయిల్ రాయగలిగిన మీకు అవన్నీ తెలిసే ఉంటాయి. చిక్కు ఉచ్చారణలో ఉంది. తెలుగులో ప్రతి అచ్చూ నిండుగా పలుకుతుంది. ఇంగ్లీషులో ఊనిక లేని అచ్చులు నలిగిపోతాయి. ‘వాట్ ఆర్ యు గోయింగ్ టు డూ’ కాస్తా ‘వాడయ గన డూ’ అయి కూర్చుంటుంది. అందుకని మొదటిసారి అక్షరాలు కనబడకుండా వినండి. రెండోసారి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని, యూట్యూబ్‌లో వేగాన్ని 0.75కు తగ్గించండి. ఆ తరువాత మళ్లీ మామూలు వేగంతో వింటూ, అతిథితో పాటు పైకి అనండి. తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే కథ తెలుస్తుంది కానీ చెవి పనిచేయదు.

ఏవి చూడాలో మీరు అడగకపోయినా చెబుతాను. 2007 నుంచి బీబీసీలో వస్తున్న గ్రాహం నార్టన్ షోలో అతిథులందరూ ఒకే సోఫాలో కూర్చుంటారు కాబట్టి, ఐరిష్, బ్రిటిష్, అమెరికన్ యాసలు ఒకేచోట వినిపిస్తాయి. 2015లో మొదలైన ‘హాట్ వన్స్’లో షాన్ ఇవాన్స్ ప్రశ్నలు అడుగుతుండగా అతిథి అంతకంతకూ కారం పెరిగే పది చికెన్ వింగ్స్ తింటాడు. నోరు మండుతున్నవాడు మాటలు ఏరి కూర్చి మాట్లాడలేడు. ఇంట్లో మాట్లాడే ఇంగ్లీషే బయటికి వస్తుంది. అక్కడ ‘కిక్ ఇన్’ అనే మాట గమనించండి. తిన్న కాసేపటికి కారం నషాళానికెక్కడం మొదలైతే అలా అంటారు. తలనొప్పికి వేసుకున్న మాత్ర పనిచేయడం మొదలైనా అదే మాట. ఆ కారం గుర్తుంటే మాటా గుర్తుంటుంది. ఇవి మరీ వేగంగా ఉన్నాయనిపిస్తే, ‘ఆర్ఆర్ఆర్’ ఆస్కార్ ప్రచారంలో, అంటే 2023 మొదట్లో, రాజమౌళి, రామ్‌చరణ్ అమెరికాలో ఇచ్చిన ఇంటర్వ్యూలతో మొదలుపెట్టండి. విషయం ముందే తెలుసు కనుక తెలియని మాటను ఊహించడం సులువు.

ఒక్క జాగ్రత్త. పాడ్‌కాస్ట్‌లలో బూతు మాటలు కూడా మామూలు మాటలంత తేలిగ్గా దొర్లుతాయి. అర్థం తెలుసుకోండి కానీ ఆఫీసులో వాడకండి. ‘షటప్’ అన్నది స్నేహితుల మధ్య ‘నిజమా!’ అన్నట్లు వినిపించినా, మేనేజరు ముందు అది ‘నోర్మూసుకో’ అనే అవుతుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. ఇంకొంచెం అన్నం పెట్టుకోమంటే ఎనిమిదేళ్ల మనవడు ‘అయామ్ గుడ్, అమ్మమ్మా’ అంటాడు. బాగుందంటున్నాడేమోనని వడ్డిస్తే చిన్నబుచ్చుకుంటాడు. నా వయసులో ఇవన్నీ నేర్చుకోగలనా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నిక్షేపంగా నేర్చుకోగలరమ్మా. వాడి మాటకు ‘నాకు చాలు’ అని అర్థం. మర్యాదగా వద్దనడమే తప్ప మీ వంటకు వంక పెట్టడం కాదు. వాడు చెప్పినది మీకు అర్థం కానప్పుడు ‘నెవర్ మైండ్’ అనీ అంటుంటాడు. అంటే ‘పోనీలే, ఏం లేదు’ అని. అక్కడ మాత్రం ఊరుకోకండి. పిల్లలకోసం చేసిన సరదా ఇంటర్వ్యూ ఒకటి వాడినే ఎంచమని, పక్కన కూర్చుని చూడండి. తెలియని మాట దగ్గర ఆపించి ‘వాట్ డజ్ దట్ మీన్’ అని అడిగి, వాడు చెప్పాక ‘దీన్ని మనం ఇలా అంటాం’ అని తెలుగు మాట వాడిచేత పలికించండి.