అమ్మేసిన ఎద్దు తిరిగొచ్చాక నేను ఈ కథలు నమ్మడం మొదలుపెట్టాను

అమెరికాలో జనం బళ్లు కట్టుకుని పడమటికి వలసపోయిన రోజుల్లో తప్పిపోయిన కుక్కలు, పశువులు అడవులు దాటి ఇల్లు చేరేవంటారు, నిజమేనా అని అడిగారు కదా. సగం నిజం అంటాను.

మాది మార్కాపురం వైపు, నల్లమల అంచున పల్లె. నేను తొమ్మిదిలో ఉండగా వానల్లేక మా నాన్న ఎద్దును సంతలో అమ్మేశారు, కొన్నాయన ఊరు మాకు 20 కిలోమీటర్ల పైనే. నాలుగో రోజు తెల్లవారుజామున అమ్మ కల్లాపి చల్లడానికి తలుపు తీస్తే కొట్టం ముందు నిలబడి ఉంది, మెడలో తెగిన పలుపు మూరెడు వేలాడుతూ, తోక నిండా పల్లేరుకాయలు. మా వంక చూడను కూడా లేదు, నేరుగా కుడితి తొట్టిలో మూతి పెట్టేసింది. మధ్యాహ్నానికి కొన్నాయన వెతుక్కుంటూ వస్తే నాన్న అడిగిన మొదటి మాట, ముందరికాళ్లకు బంధం వెయ్యలేదా అని.

ఆ వలసబళ్ల వాళ్లదీ అదే జాగ్రత్త, రాత్రి మేతకు వదిలే గుర్రాలకు ముందుకాళ్లు కలిపి కట్టేవాళ్లు. పశువు పారిపోతే ప్రతిసారీ అది ప్రేమేం కాదు లెండి. 1846లో పడమటికి బయల్దేరిన డానర్ బృందమనే వలసబళ్ల గుంపు దారిలో ఉప్పు ఎడారి దాటుతుంటే రీడ్ అనే ఆయన ఎద్దులు దాహానికి తాళలేక చీకట్లో పరుగెత్తాయి, చాలావరకు మళ్లీ దొరకనే లేదు.

కుక్కల్లో పేరున్నది సీమన్, వలసబళ్లకు ముందే పడమటి దారి వెతకడానికి వెళ్లిన అన్వేషణ బృందం నాయకుడు లూయిస్ కెప్టెన్ 20 డాలర్లకు కొన్న న్యూఫౌండ్‌లాండ్ జాతిది. పసిఫిక్ దాకా వెళ్లింది ఆయనతోనే, మధ్యలో బీవర్ (నీళ్లలో తిరిగే, పెద్ద పళ్ల జంతువు) కరిచి వెనక కాలి రక్తనాళం తెగి చావు దాకా వెళ్లింది. తిరుగు ప్రయాణంలో, 1806 ఏప్రిల్‌లో, కొలంబియా నది దగ్గర కొందరు ఎత్తుకుపోతే ఆయన ముగ్గురిని వెంటపంపి, ఇవ్వడానికి మొండికేస్తే కాల్చెయ్యమన్నాడు! డైరీల్లో దాని చివరి ప్రస్తావన జులైలో, దోమలకు ఆగలేక అరుస్తోందని. కానీ చూడండి, ఇది మనుషులతో కలిసి నడిచిన నడక.

ఒంటరిగా వచ్చిందంటే నాకు గుర్తొచ్చేది బాబీ అనే కుక్క, అప్పటికి వలసబళ్ల కాలం ఎప్పుడో అయిపోయింది. 1923 ఆగస్టులో ఇండియానాలో తప్పిపోయి, మరుసటి ఫిబ్రవరిలో, చలికాలమంతా దాటుకుని, పడమటి తీరాన ఓరెగాన్‌లోని సొంతూరు సిల్వర్టన్ చేరింది. దాదాపు 4,000 కిలోమీటర్లు. దారిలో దానికి అన్నం పెట్టినవాళ్లు, రాత్రి చోటిచ్చినవాళ్లు తర్వాత ఉత్తరాలు రాశారు కాబట్టి ఉత్తుత్తి కథ అని కొట్టిపారెయ్యలేం. అసలు వింత ఏంటంటే అది ఇండియానాకు వెళ్లింది కారులో, నడిచిన దారి కాదు. 2020లో చెక్ పరిశోధకులు 27 వేటకుక్కలకు జీపీఎస్ కట్టి చూస్తే, కొన్నిసార్లు వచ్చిన దారి వదిలేసి కొత్త దారిలో తిరిగొచ్చేముందు ఓ 20 మీటర్లు ఉత్తర దక్షిణాల గీత మీద పరుగెత్తాయట, దిక్సూచి సరిచూసుకున్నట్టు. అవి వెళ్లింది మాత్రం కిలోమీటరు రెండు కిలోమీటర్ల దూరం, బాబీ లెక్క దాంతో తేలదు.

మా ఎద్దును మొదటిసారి నడిపించే తోలుకుపోయారు, దారి దానికి తెలుసు. రెండోసారి కొన్నాయన ట్రాక్టర్ ట్రక్కులో ఎక్కించుకుపోయాడు. మళ్లీ రాలేదు. అమ్మ మాత్రం వారం పాటు తొట్టిలో కుడితి పోస్తూనే ఉంది.