ఎర్రర్ మెసేజ్ సరిచేసే ముందు

తల్లీ,

కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను, నడిపే క్యూఈఎంయూలో తప్పుదారి పట్టించే ఎర్రర్ మెసేజ్ ఒకటి సరిచేసి ప్యాచ్ పంపబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. ‘ఒక్క లైనే కదా పెద్దమ్మా’ అంటావు. ఆ ఒక్క లైన్ గురించే నా భయమంతా.

మామూలు పనులు నీకు తెలుసు. ముందు ఆ ఎర్రర్‌ను నీ మెషీన్ మీద రప్పించి చూడు. అదే వాక్యం ఇంకెక్కడుందో కోడంతా గాలించే గిట్ గ్రెప్‌తో వెతుకు, డిస్క్ పనుల్ని పరీక్షించే ఐఓటెస్టుల్లో కూడా ఉండొచ్చు. ప్యాచ్‌లో నీ పేరుతో పెట్టే సైన్డ్ ఆఫ్ లైన్ మర్చిపోకు.

మాటలు మార్చేముందు మాత్రం అవి ఏ దారిన వస్తున్నాయో చూడు. నేను పనిచేసిన ఒకచోట డిస్క్ ఇమేజ్, అంటే వర్చువల్ మెషీన్ డిస్కంతా ఉండే ఫైల్, తెరిచే కోడ్ ఉండేది. ఆ ఇమేజ్‌ను ఇంకో వర్చువల్ మెషీన్ వాడుతుంటే లాక్ దొరికేది కాదు. అసలు కారణం అదే. కానీ ఆ కోడ్ అది చెప్పకముందే తన తాత్కాలిక ఫైల్‌ను తీసేయబోయేది. ఆ ఫైల్ అప్పటికే ఉండేది కాదు, దాంతో ఏ తప్పు జరిగిందో చెప్పే నంబర్, ఎర్నో, మారిపోయేది. తెర మీద మాత్రం డిస్క్ ఇమేజ్ పేరు పక్కన ‘అలాంటి ఫైల్ లేదు’ అని పడేది. రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు నమ్మాడు. ఎందుకు నమ్మడు? రిస్టోర్ స్క్రిప్ట్ నడిపి పాత బ్యాకప్‌ను అదే ఫైల్ మీద రాసేశాడు. నడుస్తున్న మెషీన్ కింద డిస్క్ మారిపోయింది, బ్యాకప్ తర్వాతి డేటా అంతా పోయింది. చీవాట్లన్నీ వాడికే పడ్డాయి. ఆ మెసేజ్ ఊసు ఎవరూ ఎత్తలేదు. నాకిప్పటికీ కోపమే.

అందుకే, ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగిన పని, అంటే సిస్టమ్ కాల్, ఫెయిలైన వెంటనే ఎర్నోను వేరే వేరియబుల్‌లో దాచుకో. లినక్స్‌లో వర్చువల్ మెషీన్లను వేగంగా నడిపించే కేవీఎం విషయంలోనూ అంతే, అన్నిటికీ కలిపి ‘కేవీఎం లేదు’ అని తేల్చేయకు. మాడ్యూల్ లోడ్ కాకపోవచ్చు, డెవ్ కేవీఎం ఫైల్ తెరిచే పర్మిషన్ లేకపోవచ్చు, ప్రాసెసర్‌లో దానికి కావాల్సిన వీటీ ఎక్స్‌ను వర్చువల్ మెషీన్లు నడిపే ఇంకో ప్రోగ్రామ్, అంటే ఇంకో హైపర్‌వైజర్, పట్టుకుని ఉండొచ్చు. పర్మిషన్ లేనివాళ్లను బయోస్ సెట్టింగుల చుట్టూ తిప్పడం అన్యాయం.

కచ్చితంగా తెలియని కారణాన్ని మెసేజ్‌లో పెట్టకు, మెసేజ్ కింద విడిగా వచ్చే హింట్‌లో రాయి. 2017లో క్యూఈఎంయూ 2.10తో వచ్చిన లాకింగ్ మెసేజ్ చూడు. లాక్ దొరకలేదని చెప్పి, ఈ ఇమేజ్‌ను వేరే ప్రాసెస్ వాడుతోందా అని అడుగుతుంది. నాకు చాలా ఇష్టం అది.

పాత వాక్యం ఎప్పుడు, ఎందుకు తప్పో, ప్యాచ్‌తో పాటు వెళ్లే వివరణలో, అదే కమిట్ మెసేజ్‌లో, రాయి. రివ్యూలో ఎవరైనా కటువుగా మాట్లాడితే ఆ రాత్రే జవాబివ్వకు, నిద్రపో. పంపేముందు ఒకసారి నాకు చూపించవే.

మీ పెద్దమ్మ