స్విట్జర్లాండ్ మంచు కోసం ఎఫ్‌డీ కరిగించాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్, నల్లగండ్ల. నేనూ మావారూ ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. ఇద్దరికీ కలిపి నెలకి 2.6 లక్షలు చేతికొస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 72 వేలు, కారు ఈఎంఐ 14 వేలు (ఈ నెలతో అయిపోతుంది), సిప్‌లు 30 వేలు. ఇంటి ఖర్చులు, స్కూలు ఫీజులు అన్నీ పోను 15 వేల దాకా మిగులుతుంది. పాపకి ఏడేళ్ళు, బాబుకి నాలుగున్నర. మావారి ఆఫీసులో ఇద్దరు కొలీగ్స్ పిల్లలతో సహా స్విట్జర్లాండ్ వెళ్ళి స్కీయింగ్ చేసొచ్చారు. అప్పట్నుంచి మా ఇంట్లో ఇదే మాట. డిసెంబరు 24 నుంచి ఏడు రాత్రులకి నలుగురికీ 9.8 లక్షలు, టీసీఎస్ (విదేశీ ప్యాకేజీ మీద ముందే వసూలు చేసే పన్ను) అదనం అని ఏజెంటు కొటేషన్ ఇచ్చాడు (జత చేస్తున్నాను). 12 లక్షల ఎఫ్‌డీలో 6 లక్షలు తీసి, మిగతా 4 లక్షలకి పర్సనల్ లోన్ తీసుకుందామని నేనంటున్నాను. లోన్ ఎందుకు, పిల్లల చదువుకని వేసిన మ్యూచువల్ ఫండ్లలో 11 లక్షలున్నాయి, అందులోంచి తీద్దామని ఆయన. బోనస్ డబ్బు 3.5 లక్షలు సేవింగ్స్ ఖాతాలో ఉంది కానీ దాన్ని కదపకూడదని అనుకున్నాం. ఎవరి మాట సరైనది?

జవాబు: ఇద్దరిదీ కాదండీ. ఎఫ్‌డీ విరగ్గొడతామంటారు, లోన్ కూడా తీసుకుంటామంటారు, సేవింగ్స్ ఖాతాలో నామమాత్రపు వడ్డీకి పడున్న బోనస్‌ని మాత్రం ముట్టుకోమంటారు. మన ఇళ్ళలో ఇది మామూలే, బోనస్ అంటే లక్ష్మీదేవి వచ్చి కూర్చున్నట్టే చూస్తాం. ఆ 3.5 లక్షల దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు కొటేషన్ సంగతి చూద్దాం.

నాలుగు పేజీలూ చదివాను. స్కీయింగ్ ఎక్కడుందా అని వెతికితే ఐదో రోజు మధ్యాహ్నం 'స్నో యాక్టివిటీ' అని ఒక్క ముక్క కనిపించింది. మిగతాదంతా జ్యూరిక్, లూసర్న్, టిట్లిస్, 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోక్, కోచ్ బస్సు, రాత్రికి ఇండియన్ భోజనం. ఊళ్ళు చూడడానికి చెడ్డ ప్యాకేజీ ఏమీ కాదు. కానీ మీరు అడిగింది స్కీయింగ్. దానికి ఒకే ఊళ్ళో నాలుగైదు రోజులు దిగాలి. పొద్దున్నే పిల్లలకి బూట్లు తొడిగి (ఒక్కో బూటుకి పది నిమిషాలు, మధ్యలో బాత్రూమ్ అంటారు, మళ్ళీ మొదటికొస్తుంది) స్కీ స్కూల్లో వదలాలి. మర్నాడూ అంతే. రోజుకో ఊరు మారే టూర్లో ఇది కుదిరే పని కాదు. మీ ఆయన స్నేహితుల్ని అడిగి చూడండి, వాళ్ళు కూడా స్లోప్ మీద ఎన్ని గంటలు ఉన్నారో.

ఇక తేదీలు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఆల్ప్స్‌లో ధరలు మండిపోతాయి. మళ్ళీ ఫిబ్రవరిలో అక్కడి స్కూళ్ళకి సెలవులిస్తారు, అప్పుడూ అంతే. ఈ రెండింటికీ మధ్య, జనవరి రెండో వారం నుంచి నెలాఖరు దాకా, గదులు ఖాళీగా ఉంటాయి, రేట్లు దిగుతాయి, స్కీ స్కూల్ బ్యాచుల్లో పిల్లలు తక్కువగా ఉంటారు. సరిగ్గా అప్పుడే మనకి సంక్రాంతి సెలవులు! మంచు సెలవులకి తెలుగువాళ్ళకి ఇంతకంటే కలిసొచ్చే వారం లేదు. పండక్కి ఊరు రాలేదని అత్తగారు ఏమంటారో ఆ లెక్క మాత్రం నేను వేయలేను.

సంక్రాంతికి, చిన్న స్కీ ఊళ్ళో, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుని సొంతంగా వెళ్తే ఎంతవుతుందో స్విస్ కరెన్సీ ఫ్రాంకుకి 115 రూపాయల చొప్పున అంచనా వేశాను. నలుగురికీ విమానం టికెట్లు 2.6 లక్షలు. వీసాలు, ఇన్సూరెన్స్ కలిపి 50 వేలు. ఏడు రాత్రులకి అద్దె 1,400 ఫ్రాంకులు, అంటే 1.6 లక్షలు. రైళ్ళకి 40 వేలు. టూరిస్టులకిచ్చే స్విస్ ఫ్యామిలీ కార్డుతో పిల్లలకి పదహారేళ్ళు వచ్చేదాకా అమ్మానాన్నలతో రైలు ప్రయాణం ఉచితం కాబట్టి అది తగ్గింది. అపార్ట్‌మెంట్లో వండుకుంటూ, అప్పుడప్పుడు బయట తింటే తిండికి 85 వేలు. బట్టలకి 45 వేలు. స్కీయింగ్‌కి మాత్రమే 1.6 లక్షలు. పిల్లలిద్దరికీ మూడు పూటల స్కూలు, మీ ఇద్దరికీ రెండు రోజుల పాఠం, లిఫ్ట్ పాసులు (కొండ పైకి చేర్చే కేబుల్ లిఫ్టుల టికెట్లు), స్కీలూ బూట్లూ హెల్మెట్ల అద్దె, అన్నీ ఇందులోనే. చేతిలో ఉంచుకోవడానికి ఇంకో 50 వేలు. మొత్తం 8.5 లక్షలు. ఏజెంటు చెప్పినదానికంటే తక్కువే, పైగా ఇందులో స్కీయింగ్ ఉంది.

అయినా ఈ ఏడాది వద్దంటాను. కారణం డబ్బు ఒక్కటే కాదు, మీ బాబు వయసు. స్విస్ స్కీ స్కూళ్ళు మూడు నాలుగేళ్ళ పిల్లల్ని చేర్చుకుంటాయి, నిజమే. కానీ ఆ వయసు పిల్లలకి అక్కడ జరిగేది తాడు పట్టుకుని జారడం, మంచు బొమ్మ చేయడం, గంటన్నర తిరక్కుండానే 'అమ్మా, చేతులు' అని ఏడవడం. వాడు ఏడిస్తే మీలో ఒకరు వాడితో గదిలో ఉండాలి. ఆ ఒకరి లిఫ్ట్ పాస్, అద్దె స్కీలు దండగ. ఏడేళ్ళొస్తే అదే పిల్లాడు మూడో రోజుకి మిమ్మల్ని దాటి కిందికి దిగిపోతాడు. వాడికి నాలుగున్నర, మీ కారు లోన్ ఈ నెలతో తీరుతోంది. రెండున్నరేళ్ళకి వాడికి ఏడు నిండుతుంది. అప్పటికి డబ్బూ సిద్ధమవుతుంది, చూడండి.

కారు ఈఎంఐ 14 వేలు ఇక మిగులే. దానికి నెలవారీ మిగులులోంచి 10 వేలు కలపండి. నెలకి 24 వేల చొప్పున 30 నెలలు వేస్తే 7.2 లక్షలు. పన్ను పోను వడ్డీ 40 వేలు కలుస్తుంది. ఈలోగా వచ్చే రెండు బోనస్‌లలోంచి లక్షేసి తీసి పెడితే 9.6 లక్షలు. 8.5 లక్షల ట్రిప్పుకి ఇంత ఎందుకంటే ఫ్రాంక్ ఊరుకోదు. పదేళ్ళ క్రితం అది 65, 70 రూపాయల మధ్య ఉండేది. ఈ డబ్బుని రికరింగ్ డిపాజిట్‌లోనో లిక్విడ్ ఫండ్‌లోనో ఉంచండి. రెండున్నరేళ్ళలో కావాల్సిన డబ్బుని షేర్ మార్కెట్లో పెట్టొద్దు.

మీ ఆయన చెప్పిన పిల్లల ఫండ్ సంగతి. 6 లక్షలు ఇప్పుడు తీశారనుకోండి. ఏడాదికి 10 శాతం చొప్పున పెరిగినా పదేళ్ళలో అది 15.5 లక్షలయ్యేది. అప్పటికి పాపకి పదిహేడు, కాలేజీ ఫీజు కట్టే ఏడు. పైగా ఈక్విటీ ఫండ్ల మీద ఏడాదిలో 1.25 లక్షలు దాటిన దీర్ఘకాల లాభానికి 12.5 శాతం పన్ను కూడా ఉంది. మీ పర్సనల్ లోన్ దారి చూస్తే, 4 లక్షలు 13 శాతానికి మూడేళ్ళకి తీసుకుంటే ఈఎంఐ 13,500 దాకా, వడ్డీకే 85 వేలు. ఎఫ్‌డీ అయితే మీ ఆరు నెలల ఖర్చులకి సరిపడా ఉంది. ఇద్దరూ ఒకే రంగంలో ఉద్యోగాలు చేస్తున్నారు, కోతలొస్తే ఇద్దరికీ ఒకేసారి రావచ్చు. దాన్ని సగం చేసి మంచులో ఆడుకోవడానికి వెళ్తే అక్కడ మీకు నిద్ర పట్టదు.

ఇప్పుడు ఆ బోనస్. రెండున్నరేళ్ళు ఆగండి అని చెప్తే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరని నాకు తెలుసు. వచ్చే సంక్రాంతికి అల్మాటీ వెళ్ళిరండి. కజకిస్తాన్‌లో మన పాస్‌పోర్టుకి 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఢిల్లీ నుంచి దాదాపు నాలుగు గంటల విమాన ప్రయాణం. ఊరి పైన కొండల్లో షింబులాక్ స్కీ కేంద్రం 2,260 మీటర్ల దగ్గర మొదలై 3,200 మీటర్ల దాకా వెళ్తుంది. కింద మెదేవు స్కేటింగ్ మైదానం దగ్గర్నుంచి గొండోలా (కేబుల్ కారు) ఎక్కొచ్చు. కొండ మీద హోటల్ తీసుకోనక్కర్లేదు, నగరంలోనే దిగి రోజూ వెళ్ళిరావచ్చు. ఖర్చు కలిసొచ్చేది ముఖ్యంగా అక్కడే. టికెట్లు 1.5 లక్షలు, ఆరు రాత్రుల హోటల్ 45 వేలు, పాఠాలూ అద్దెలూ గొండోలా 45 వేలు, తిండీ ట్యాక్సీలూ 40 వేలు, బట్టలు 40 వేలు, ఇన్సూరెన్స్ 8 వేలు. 3.3 లక్షల్లో అవుతుందని నా అంచనా. గుర్రం మాంసం వాళ్ళకి ఇష్టమైన వంటకం, మెనూ చూసుకుని ఆర్డర్ చేయండి. ఊళ్ళో భారతీయ హోటళ్ళున్నాయి.

గుల్మార్గ్ ఇంకా చవక కదా అని మీ ఆయన అడగొచ్చు. చవకే, స్లోపులూ మంచివే. కానీ 2024 జనవరిలో నెలలో చాలా భాగం అక్కడ మంచే పడలేదు. వెళ్ళాలనుకుంటే డబ్బు వాపసు ఇవ్వని బుకింగులు చేయకండి.

బట్టల విషయంలో ఒక మాట. జాకెట్లు, థర్మల్స్, గ్లవ్స్ ఇక్కడే డెకాథ్లాన్‌లో కొనుక్కోండి. పిల్లలకి ఒక సైజు పెద్దది కొన్నా ఫరవాలేదు. బూట్లు, హెల్మెట్ మాత్రం అక్కడ సరిగ్గా పట్టేవి అద్దెకి తీసుకోవాలి. వదులు బూట్లతో కాలు మెలిపడుతుంది.

ఇన్సూరెన్స్ దగ్గర కక్కుర్తి పడొద్దు. మా బావమరిది ఆస్ట్రియాలో మొదటి రోజే జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. క్లినిక్ బిల్లు లక్షా ముప్ఫై వేలు. పాలసీ ఉంది కదా అని ధీమాగా ఉన్నాడు. తీరా చూస్తే అందులో శీతాకాల క్రీడలు వర్తించవని చిన్న అక్షరాల్లో రాసుంది, క్లెయిమ్ తిరగ్గొట్టారు. షెంజెన్ వీసాకి (స్విట్జర్లాండ్‌తో సహా చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే ఒకే వీసా) 30,000 యూరోల కవర్ ఉన్న పాలసీ చాలు, కానీ వీసాకి పనికొచ్చేదంతా స్లోప్ మీద పనికిరాదు. 'స్కీయింగ్ కవర్ అవుతుందా, కొండ మీద నుంచి హెలికాప్టర్లో దించితే ఆ ఖర్చు ఇస్తారా' అని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఆల్ప్స్‌లో ఆ హెలికాప్టర్ బిల్లు వేల ఫ్రాంకుల్లో ఉంటుంది. ఇటలీ వైపు వెళ్తే 2022 నుంచి మీ వల్ల ఎదుటివాళ్ళకి దెబ్బ తగిలితే కట్టే బీమా కూడా తప్పనిసరి.

ఏజెంటు అన్న టీసీఎస్‌కి టెన్షన్ అక్కర్లేదు, అది ముందుగా వసూలు చేసే పన్నే. ఎవరి పాన్ మీద బుక్ చేస్తే ఇన్‌కమ్‌ట్యాక్స్ పోర్టల్‌లో వాళ్ళ పన్ను వివరాల్లో కనిపిస్తుంది, రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. ఉద్యోగులు కంపెనీకి చెప్పి జీతంలో కోసే టీడీఎస్‌లోనే తగ్గించుకోవచ్చు. 2023 అక్టోబరులో 20 శాతం దాకా వెళ్ళిన ఈ రేటు ఆ తర్వాత మారుతూ వచ్చింది కాబట్టి బుక్ చేసే రోజున ఎంతో రాతలో అడగండి. విదేశంలో క్రెడిట్ కార్డు గీకితే చాలా కార్డులు 3.5 శాతం మార్కప్, దానిపై జీఎస్టీ వేస్తాయి. 2 లక్షల మీద అది 8 వేల పైమాటే. మార్కప్ లేని కార్డు ఒకటి ముందే తీసుకోండి. మెషిన్ మీద 'రూపాయల్లోనా, ఫ్రాంకుల్లోనా' అని అడిగితే ఫ్రాంకులే నొక్కండి.

స్విట్జర్లాండ్ వీసాకి పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 45. బ్యాంక్ స్టేట్‌మెంట్లో వారం ముందు ఎక్కడ్నుంచో 5 లక్షలు వచ్చి పడితే కాన్సులేట్‌కి అనుమానం వస్తుంది. 30 నెలలుగా క్రమంగా పోగైన డబ్బుకి ఆ బాధ ఉండదు. పిల్లల పాస్‌పోర్టులు ఐదేళ్ళకే అయిపోతాయి, తేదీలు ఇప్పుడే చూసుకోండి. అపార్ట్‌మెంట్లో వంటకి బియ్యం, పచ్చళ్ళు, పొడులు పట్టుకెళ్ళండి. నెయ్యి సీసా మాత్రం ఇంట్లోనే ఉంచండి. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్ళడానికి అక్కడ అనుమతి లేదు.

టికెట్లు బుక్ చేసే ముందు ఒక ఆదివారం పిల్లల్ని లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరున్న స్నో వరల్డ్‌కి తీసుకెళ్ళండి. బాబు గ్లవ్స్ పీకేయకుండా అరగంట ఉంటే అల్మాటీ. పది నిమిషాలకే బయటికి పరుగెత్తితే బోనస్‌ని ఎఫ్‌డీ చేసి, ఈ పండక్కి అత్తగారి ఊరికి వెళ్ళండి.