అమెరికాలో ఎన్నేళ్ళున్నా పరాయివాళ్ళమేనా? ఫ్లషింగ్ నుంచి నా జవాబు

మీరు అడిగినవి రెండు. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న చోట ఇల్లు తీసుకోవాలా, అన్ని దేశాలవాళ్ళూ కలగలిసి ఉన్న చోటా అన్నది ఒకటి. ఎన్నేళ్ళున్నా అక్కడ పరాయిగానే ఉంటుందంటారు, నిజమేనా అన్నది రెండోది. నేను రెండు రకాల చోట్లా ఉన్నాను. 2006లో తెనాలి నుంచి తిన్నగా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో దిగాను. నాలుగేళ్ళ తర్వాత న్యూయార్క్ నగరంలోని ఫ్లషింగ్‌కి మారాం, ఇప్పటికీ అక్కడే ఉన్నాం. నాకు తెలిసింది ఈ రెండు ఊళ్ళ సంగతే. డల్లాస్‌వాళ్ళూ బే ఏరియావాళ్ళూ వేరేగా చెప్పొచ్చు.

ఎడిసన్‌లో నాకు లోటేమీ లేదు. పక్కనే ఓక్ ట్రీ రోడ్డు. కరివేపాకు దగ్గర్నుంచి పట్టుచీర మీదకి జాకెట్టు కుట్టించుకోవడం దాకా అన్నీ అక్కడే అయిపోయేవి. మా పై వాటాలో గుంటూరువాళ్ళు, కింద కరీంనగర్‌వాళ్ళు. శ్రావణ శుక్రవారం నాడు ఒకే సాయంత్రం నాలుగిళ్ళకి పేరంటానికి వెళ్ళి, శనగలు మూటగట్టుకుని వచ్చిన రోజులున్నాయి. అయినా ఆ నాలుగేళ్ళూ బస్టాండులో కూర్చున్నట్టే గడిచాయి. ఎప్పుడు కలిసినా మాటలన్నీ వీసా స్టాంపింగు, గ్రీన్‌కార్డు, మియాపూర్‌లో కొన్న ఫ్లాటుకి అద్దె ఎంతొస్తోందన్నవే. నేను హెచ్-4 మీద, అంటే ఉద్యోగం వీసా మీద వచ్చినవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద వచ్చాను. అప్పట్లో ఆ వీసా ఉన్నవాళ్ళు ఉద్యోగం చేయకూడదు. 2015 మే నెల నుంచి అనుమతి ఇచ్చారు, అదీ భర్త గ్రీన్‌కార్డు పని కొంత దూరం వచ్చినవాళ్ళకే. నాలుగేళ్ళలో తెలుగు రాని మనిషితో నేను మాట్లాడింది దుకాణాల్లో బిల్లు కట్టేచోటే. ఆ ఊరి మేయరెవరో కూడా నాకు తెలియదు.

తప్పు ఎడిసన్‌ది కాదు లెండి. అక్కడే ఉండి ఊరి పనుల్లో తలదూర్చిన మనవాళ్ళు ఎంతమందో ఉన్నారు. నేను దూర్చలేదు, అంతే. దూర్చాల్సిన అవసరం రాలేదు.

మా ఆయన ఆఫీసు మాన్‌హాటన్‌కి మారాక 7వ నంబరు రైలు చివరి స్టేషనైన ఫ్లషింగ్‌లో ఒక ఇంటి కింది వాటా అద్దెకి తీసుకున్నాం. మెయిన్ స్ట్రీట్‌లో బోర్డులన్నీ చైనీసు, కొరియన్. మొదటి వారం కూరగాయలకి వెళ్ళి, బతికున్న కప్పల తొట్టెలు చూసి ఏడుస్తూ ఇంటికొచ్చాను. ఒకటే దిక్కు, బౌన్ స్ట్రీట్‌లోని వినాయకుడి గుడి. 1977 జులై 4న ప్రతిష్ఠ చేశారు. అమెరికాలో సంప్రదాయం ప్రకారం కట్టిన గుళ్ళలో తొలివాటి కిందికి వస్తుంది. కింద బేస్‌మెంట్‌లో క్యాంటీను, అక్కడ దోశ. ఈ ఊళ్ళో కాలు నిలదొక్కుకోవాలంటే నాకు ఆ గుడే ఆసరా అవుతుందనుకున్నాను. ఆసరా అయింది మంచు.

2010 డిసెంబరు 26న, క్రిస్మస్ మర్నాడు, మంచు తుఫాను మొదలైంది. సెంట్రల్ పార్కులో 20 అంగుళాలు పడింది. ఫ్లషింగ్ ఉన్న క్వీన్స్ ప్రాంతంలో చాలా వీధుల్లోకి మంచు తోసే బండ్లు రోజుల తరబడి రాలేదు, జనమంతా నగర పాలకుల్ని తిట్టుకున్నారు. మేం మాత్రం కిటికీలోంచి ఫొటోలు తీసి తెనాలికి పంపుతూ మురిసిపోతున్నాం. ఎవరో తలుపు దబదబా బాదారు. తీస్తే పక్కింటి చైనా ముసలావిడ. పొట్టి మనిషి, చేతిలో తన కంటే పొడుగు పార. గుక్క తిప్పుకోకుండా ఏదో అంటోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ తిడుతోందని తెలిసింది, మా నాయనమ్మ తిట్టే వరసే అది. వెనక నిలబడ్డ మనవరాలు మొహమాటపడుతూ ఇంగ్లీషులో చెప్పింది. ఈ ఊళ్ళో ఎవరింటి ముందు కాలిబాట వాళ్ళే శుభ్రం చేయాలట. పగటిపూట మంచు ఆగితే నాలుగు గంటల్లో అయిపోవాలట. అద్దెకున్నవాళ్ళకైనా తప్పదట, చేయకపోతే జరిమానా. "కిందటేడు తాతయ్య ఇక్కడే జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అందుకే ఆవిడకి కోపం."

ఎడిసన్ అపార్ట్‌మెంట్లలో ఆ పని ఎవరు చేసేవారో నేనెప్పుడూ ఆలోచించలేదు. ముసలావిడ పార మా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. మూడు గంటలు తవ్వాం. మధ్యలో మళ్ళీ వచ్చి, మేం ఎత్తిన మంచంతా ఫైర్ హైడ్రెంట్ (మంటలార్పేవాళ్ళు నీళ్ళు పట్టుకునే కుళాయి) మీద పోస్తున్నామని రెండో విడత తిట్టింది. ఆ రాత్రి నడుం పట్టేసి పడుకుని మా ఆయనతో అన్నాను, ఈ దేశం వచ్చాక మనల్ని ఒక మనిషి తిట్టడం ఇదే మొదటిసారి కదా అని. అప్పటిదాకా మనల్ని ఎవరూ ఏమీ అనలేదంటే మనతో ఎవరికీ పనిలేకే. ఈవిడకి మాతో పని పడింది. మేం సరిగ్గా లేకపోతే ఆవిడ ముసలాయన కింద పడతాడు. నా మట్టుకు నాకు "మా ఊరు" అనేది ఆ పారతోనే మొదలైంది. జెండాలూ, తలా ఒక వంట తెచ్చుకునే అంతర్జాతీయ విందుల పొట్లక్‌లూ దాని తర్వాతే. (బళ్ళో ఆ విందుకి ఏటా నేను పులిహోర తీసుకెళ్తాను, ఏటా సగం వెనక్కొస్తుంది.)

ఎండలొచ్చాక ఆవిడ ముందు పెరట్లో కాకరతీగ పందిరెక్కింది. ఇంటి ముందు గులాబీలు కాకుండా కాకరకాయలు వేసుకునే ఊరంటే నాకు సగం బెంగ తీరినట్టయింది. ఒకరోజు బచ్చలి మొలకలు నాలుగు తెచ్చిచ్చింది. వాళ్ళూ తింటారని నాకు అప్పుడే తెలిసింది. నేను ఎర్ర గోంగూర నారిచ్చాను. ఆకు నమిలి ఆ పులుపుకి మొహం చిట్లించి తిరిగి ఇచ్చేసింది. దాన్ని చూసి ఎదురింటి గయానా ఆవిడ "సోరెల్!" అని అరిచింది. కరీబియన్‌వాళ్ళు ఆ మొక్క ఎర్ర కాయల తొడిమ రేకుల్ని అల్లం, లవంగం వేసి కాచి క్రిస్మస్‌కి తాగుతారు. అవే ఎండబెట్టి క్వీన్స్‌లోనే కరోనా అనే పేరున్న పేటలో మెక్సికో దుకాణాల్లో "హమైకా" అని అమ్ముతారు. బర్మావాళ్ళయితే మనలాగే ఆకే వండుకుంటారు. గోంగూర మనదని ఎంత గట్టిగా నమ్మి వచ్చానో!

ఆ గయానా ఆవిడతో నేను చేసిన తప్పు ఒకటుంది. చూడ్డానికి మన మనిషిలా ఉంటుంది, గుమ్మం మీద ఓంకారం. పరిచయమైన మొదటి రోజే "మీరు అసలు ఎక్కడివాళ్ళు?" అని అడిగాను. గయానా అంది. "కాదు, అసలు?" అన్నాను. ఆవిడ మొహం వాడిపోయింది. రైల్లో నన్ను ఎవరైనా అదే ప్రశ్న రెండోసారి అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది, మరి నోరు తెరిచి నేనే అడిగాను. 1838 నుంచి 1917 దాకా బ్రిటిషువాళ్ళు కూలి ఒప్పందం మీద మనవాళ్ళని గయానా చెరకు తోటలకి తీసుకెళ్ళారు. ఎక్కువమంది కలకత్తాలో ఓడ ఎక్కినా, మద్రాసులో ఎక్కినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఈవిడ ముత్తవ్వది మద్రాసు ఓడేనట. ఊరి పేరు ఎవరికీ గుర్తులేదు. తర్వాత స్నేహం కుదిరింది గానీ ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా అబ్బాయి నాలుగో తరగతిలో ఉండగా బడి నుంచి వచ్చి ఇంకో కథ చెప్పాడు. గుడి ఉన్న బౌన్ స్ట్రీట్‌కి ఆ పేరు జాన్ బౌన్ వల్ల వచ్చిందట. అప్పుడు ఈ ఊరు డచ్చివాళ్ళది. గవర్నరు పీటర్ స్టైవెసెంట్ క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళని నిషేధించాడు. 1657 డిసెంబరు 27న ఫ్లషింగ్‌వాళ్ళు 30 మంది అది అన్యాయమని పత్రం రాసి సంతకాలు పెట్టారు. వాళ్ళలో క్వేకర్లు ఎవరూ లేరు. పక్కవాళ్ళ కోసం పెట్టారు. యూదులకీ తురుష్కులకీ కూడా చోటుండాలని అందులో ఉంది. కొందరు జైలు పాలయ్యారు. అయిదేళ్ళకి బౌన్ తన ఇంట్లో క్వేకర్లని ప్రార్థన చేసుకోనిచ్చినందుకు దేశబహిష్కారం పొంది, హాలండు దాకా వెళ్ళి వాదించి నెగ్గి వచ్చాడు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది, గుడికి నడిచి వెళ్ళే దూరమే.

ఇది విని గర్వంగా ఊగిపోతున్న రోజుల్లోనే కమ్యూనిటీ బోర్డు సమావేశానికి వెళ్ళాను. నగరంలో ఇలాంటివి 59 ఉన్నాయి, సభ్యులకి జీతం లేదు, తమ పేట సంగతుల్లో నగర పాలకులకి సలహాలివ్వడమే పని. సభ్యత్వానికి పౌరసత్వం అక్కర్లేదు, ఇది మన వీసా జనానికి ఎవరూ చెప్పరు. అక్కడొక తెల్ల ముసలాయన లేచి, మీ పండగలప్పుడు నా వాకిలికి అడ్డంగా కార్లు పెడుతున్నారని గొడవ చేశాడు. నాకు రక్తం మరిగింది, మన మతమంటే కిట్టదన్నమాట అనుకున్నాను. ఇంటికొచ్చాక మా ఆయన నెమ్మదిగా గుర్తు చేశాడు, కిందటి చవితికి మనం కారు పెట్టింది ఆ వరసలోనే కదా అని. తర్వాతి చవితి నుంచి బస్సులో వెళ్తున్నాం.

అన్నీ ఇలా నవ్వుకునేవే కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. "మా దేశం నుంచి పొండి" అంటూ కాల్చాడు వాడు. పక్కనున్న ఆలోక్ మాదసానికి గాయాలయ్యాయి. అడ్డుపడిన ఇయాన్ గ్రిల్లట్ అనే తెల్ల కుర్రాడికీ తూటా తగిలింది. బయట తెలుగులో మాట్లాడొద్దని మా అమ్మ తెనాలి నుంచి రోజూ ఫోను. నెల రోజులు రైల్లో గొంతు తగ్గించాను, పిల్లాడు "అమ్మా" అంటే ఉలిక్కిపడ్డాను. తర్వాత హ్యూస్టన్‌లోని భారతీయులు లక్ష డాలర్లు పోగుచేసి ఇల్లు కొనుక్కోమని గ్రిల్లట్‌కి ఇచ్చారు. శ్రీనివాస్ భార్య సునయన వీసా భర్త వీసాతో ముడిపడింది కాబట్టి ఆయన పోవడంతోనే ఆమె ఉండే హక్కూ పోయింది. ఇండియాలో అంత్యక్రియలయ్యాక, అక్కడి నుంచి అమెరికా పార్లమెంటుకి (కాంగ్రెస్‌కి) ఎన్నికైన సభ్యుడు కల్పించుకుంటే గానీ తిరిగి రాలేకపోయింది. తిరిగి వచ్చింది, మళ్ళీ ఆ కాన్సస్‌కే. ఆవిడ ధైర్యం నాకు లేదు.

అంచేత కాగితాల సంగతి వేరుగా చూసుకోండి. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడాదికి 7 శాతమే పరిమితి, మన వరస దశాబ్దాల పొడుగు. ఊరు మనదనిపించడానికి ఆ కార్డు కోసం ఆగితే జుట్టు నెరుస్తుంది.

ఇంకొకటి, ఇది చాలామందికి నచ్చదు. ఇల్లు వెతికేటప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో "ఆ ఏరియా వద్దండీ, అక్కడ వాళ్ళెక్కువ" అంటారు. వాళ్ళంటే నల్లవాళ్ళు. నేనూ తలూపిన రోజులున్నాయి. 1946 నుంచి ఇక్కడికి వలస రావడానికి భారతీయుల కోటా ఏడాదికి నూరు మందే ఉండేది. మనబోటివాళ్ళకి తలుపు తెరిచింది 1965 వలస చట్టం. ఆ ముందు పదేళ్ళు నల్లవాళ్ళు దెబ్బలు తిని సమానత్వం కోసం పోరాడకపోతే ఆ చట్టం వచ్చేది కాదు. ఆ తలుపులోంచి వచ్చి, వాళ్ళున్న వీధిలో ఇల్లొద్దనడం ఏం మర్యాద?

ఇంతకీ మీ మొదటి ప్రశ్న. పిల్లలు చిన్నవాళ్ళు, మీ ఆవిడకి డ్రైవింగ్ రాదు అన్నారు కాబట్టి మొదటి ఏడాది మనవాళ్ళ దగ్గరే తీసుకోండి. జ్వరమొస్తే చారు ఇచ్చేవాళ్ళు కావాలి. ఆ ఏడాదిలోనే బడి తల్లిదండ్రుల సంఘానికో, లైబ్రరీకో, ఏదో ఒక చోటికి మీ అవసరం పడేలా చూసుకోండి. పండగలకి బడి సెలవులు కూడా అలా కల్పించుకుని అడిగితేనే వచ్చాయి మా ఊళ్ళో. చైనా, కొరియావాళ్ళు ఏళ్ళ తరబడి అడిగితే 2016లో వాళ్ళ కొత్త సంవత్సరానికి బళ్ళు మూశారు. దీపావళికి 2024లో. ఉగాది ఇంకా ఎవరూ అడిగినట్టు లేదు.

చైనా ముసలావిడ కరోనా ఏడాది కాలిఫోర్నియాకి, కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. పార నా దగ్గరే ఉంది. కిందటి చలికాలం ఆవిడ ఉన్న ఇంట్లోకి వరంగల్ నుంచి కొత్త దంపతులు దిగారు. మొదటి మంచు పడ్డ రోజు మధ్యాహ్నం దాకా చూశాను, తలుపు తెరవలేదు, కిటికీలో ఫోను మాత్రం కనిపిస్తోంది. వెళ్ళి దబదబా బాదాను. ఆ అమ్మాయి నాతో రెండు వారాలు మాట్లాడలేదు. గోంగూర పచ్చడి సీసా ఇస్తే గానీ మెత్తబడలేదు.