గజ్జికి ఇంజెక్షను వేసినా దురద ఎందుకు తగ్గలేదు?

రైతు ప్రశ్న: మా గేదెకు, రెండు దూడలకు నెల రోజులుగా గజ్జి. మెడ, చెవులు, తోక మొదలు దగ్గర వెంట్రుకలు రాలి చర్మం మందంగా, ముడతలుగా తయారైంది. పది రోజుల క్రితం మూడింటికీ ఇంజెక్షను చేయించాను. అయినా గుంజకు రుద్దుకుంటూనే ఉన్నాయి. గజ్జిలో చర్మాన్ని తినేవి ఎంజైమ్‌లేనని చదివాను. దాణాలో కలిపే ఎంజైమ్ పొడిని ఆపేయాలా? వెంటనే ఇంకో ఇంజెక్షను చేయించాలా?

సలహా: పొడిని ఆపనక్కర్లేదు. మీరు చదివింది నిజమే కానీ, ఆ ఎంజైమ్‌లు గజ్జి పురుగువి. దాణాలో కలిపే ఎంజైమ్ పశువు కడుపులో పనిచేసి అక్కడే అరిగిపోతుంది, చర్మం దాకా రాదు. అందుకే ఆ పొడి గజ్జిని పెంచదు, తగ్గించదు కూడా.

గజ్జి పురుగు కంటికి ఆనదు. ఆడపురుగు పొడవు అర మిల్లీమీటరుకు మించదు. సూక్ష్మదర్శిని కింద తాబేలులా గుండ్రంగా, ఎనిమిది పొట్టి కాళ్లతో కనిపిస్తుంది. అంత చిన్న ప్రాణి గేదె చర్మంలో సొరంగం తవ్వడానికి కోరలొక్కటే చాలవు. లాలాజలం వదిలి చర్మం పైపొరను మెత్తబరుస్తుంది, కొరుక్కుంటూ ముందుకు పోతుంది. తిన్నదాన్ని దాని పేగులోని ఎంజైమ్‌లు అరిగిస్తాయి. ప్రొటీన్లను ముక్కలు చేసే ఈ ఎంజైమ్‌లు రెట్టతోపాటు బయటికి వచ్చి సొరంగంలోనే పేరుకుంటాయి. ఇళ్లలో ఉబ్బసం రేపే దుమ్ము పురుగు దీనికి దగ్గరి చుట్టమే. అక్కడా తంటా తెచ్చేది రెట్టలోని ఇలాంటి ఎంజైమే.

మీ గేదె గుంజకు రుద్దుకోవడానికి కారణం ఇదే. పురుగు పాకుతున్నందువల్ల పుట్టే దురద కాదిది. లాలాజలానికీ రెట్టకూ శరీరం ఎదురుతిరగడం వల్ల పుట్టే దురద. ఇంజెక్షనుతో పురుగు చచ్చినా దాని కళేబరం, రెట్ట, గుడ్ల పెంకులు చర్మం పైపొరలోనే ఉండిపోతాయి. ఆ పొర పొట్టుగా రాలిపోయేదాకా, అంటే రెండు మూడు వారాలపాటు, దురద కొంత ఉంటుంది. రోజురోజుకూ కాస్త తగ్గుతూ, కొత్త చోట్ల వెంట్రుకలు రాలకుండా ఉంటే మందు పనిచేస్తున్నట్టే.

అలాగని రెండో ఇంజెక్షను మానకండి. మందు పేరు మీరు రాయలేదు. గజ్జికి మామూలుగా వేసేది ఐవర్‌మెక్టిన్. సీసా మీద పేరు చూసుకోండి. ఇది పురుగును చంపుతుంది కానీ గుడ్డును చంపదు. గుడ్లు మూడు నుంచి ఐదు రోజుల్లో పగులుతాయి, పిల్లలు రెండు మూడు వారాల్లో మళ్లీ గుడ్లు పెట్టేంతగా ఎదుగుతాయి. రెండో మోతాదు 14వ రోజున వేయించమనేది అందుకే. మీకు ఇది పదో రోజు. నాలుగు రోజులు ఆగి, మూడు పశువులకూ ఒకే రోజున వేయించండి. దురద తగ్గలేదని ఈలోపే వేయిస్తే లాభం లేదు, తగ్గిందని మానేస్తే నెలకల్లా మళ్లీ మొదటికొస్తుంది. ఒక్క శాతం ద్రావణమైతే 50 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు, చర్మం కిందకే వేయాలి, కండకు కాదు. దూడ బరువును కంటితో చూసి లెక్కకట్టి తక్కువ వేయడం నేను తరచూ చూసే పొరపాటు.

గేదె పాలిస్తోందా? ఐవర్‌మెక్టిన్ పాలలోకి వస్తుంది. మొదటిసారి వేసింది ఆ మందే అయితే పాలను ఎన్నాళ్లు వాడకూడదో మీ పశువైద్యుణ్ని ఇవాళే అడగండి. రెండో మోతాదుకు పాడి పశువులకు సరిపడే మందు ఏదో కూడా ఆయనే చెప్పాలి.

దురద ఆగడానికి స్టెరాయిడ్ వేయించమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. రెండు రోజులు పశువు నెమ్మదిస్తుంది, లోపల పురుగు పెరుగుతుంది. వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయడం అంతకన్నా చెడ్డ పని. అందులో సీసం లాంటి విషాలు ఉంటాయి, పశువు ఒళ్లు నాకుతుంది.

పెచ్చుల కింద చీము, దుర్వాసన ఉన్నాయేమో చూడండి. గజ్జి పురుగు దగ్గర ఒక వింత ఉంది. దాని పేగులో తయారయ్యే కొన్ని ఎంజైమ్‌లకు కోసే గుణం పోయింది. పనికిరానివనుకునేరు! మనుషుల గజ్జి పురుగుపై చేసిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, రక్తంలో సూక్ష్మజీవులను చంపే రక్షణ వ్యవస్థకు ఇవి అడ్డుపడతాయి. పురుగు తనను కాపాడుకోబోయి సూక్ష్మజీవులకూ దారి తెరుస్తుంది. చీము ఉంటే పురుగు మందొక్కటే చాలదు, యాంటీబయాటిక్ అవసరమవుతుంది.

పురుగు పశువు ఒంటి మీద నుంచి రాలినా కొన్నాళ్లు బతుకుతుంది. ఇంజెక్షను రోజే పాత గడ్డి పరుపు తీసి కాల్చేయండి, అవి రుద్దుకునే గుంజను కడగండి. పశువులను ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఈ గజ్జి మనుషులకూ కొద్దిగా దురద పుట్టిస్తుంది.

రెండో మోతాదు తర్వాత రెండు వారాలకూ రుద్దుకోవడం తగ్గకపోతే చర్మం గీరి పరీక్ష చేయించండి. మచ్చ నడుమ కాదు, పురుగు ఎక్కువగా ఉండే అంచున, సన్నగా రక్తం చెమర్చేదాకా గీరమనండి. గీరిన పొట్టును క్షారంలో కరిగించి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. పురుగు ఎంజైమ్‌లతో చేసే పనినే మేము సీసాలోని మందుతో చేస్తామన్నమాట. పురుగు కనబడకుండా గుండ్రటి బూడిదరంగు మచ్చలుంటే అది బూజు వల్ల వచ్చే తామర కావచ్చు, దానికి ఈ ఇంజెక్షను పనిచేయదు.