నెబ్యులా ఫోటో చప్పగా ఉంటే ముందు చుక్కల సంగతి చూడండి

రోజెట్ నెబ్యులా (అంతరిక్షంలోని ఒక వాయు, ధూళి మేఘం) స్టాకింగ్, అంటే చాలా ఫోటోల్ని కలిపి ఒకటి చేయడం, బాగానే వచ్చింది కానీ ఫోటో చప్పగా ఉంది, శాచురేషన్ (రంగుల గాఢత) పెంచితే రంగు పులిమినట్టు అవుతోంది అన్నారు కదా. శాచురేషన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. నేను చూసినంతవరకు ఇలాంటి ఫోటోల్లో అసలు ఇబ్బంది చుక్కలతోనే, అంటే నక్షత్రాలతోనే. రోజెట్ పాలపుంత పట్టీలో ఉంటుంది కాబట్టి ఫ్రేమ్ నిండా అవే, మొత్తాన్ని ఒకేసారి స్ట్రెచ్ చేస్తే (మసక భాగాలు కనపడేలా వెలుగు పెంచితే) నెబ్యులా పైకి తేలేసరికి అవన్నీ ఉబ్బి తెల్లబడిపోతాయి, చూసేవాళ్ల కన్ను వాటి మీదే ఆగిపోతుంది.

అందుకే నేను చుక్కల్నీ నెబ్యులానీ విడదీస్తాను. డేటా ఇంకా లీనియర్‌గా (స్ట్రెచ్ చేయకుండా) ఉన్నప్పుడే సిరిల్ లేదా గ్రాఎక్స్‌పర్ట్ అనే ఆస్ట్రోఫోటో సాఫ్ట్‌వేర్‌లో గ్రేడియెంట్ (ఫోటోలో ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మారే ఆకాశపు వెలుగు) తీసేసి, ఆ తర్వాత కలర్ క్యాలిబ్రేషన్ (రంగుల్ని సరిచేయడం) చేయాలి. శాంపిల్ పాయింట్లు (గ్రేడియెంట్ తీయడానికి బ్యాక్‌గ్రౌండ్ వెలుగు కొలిచే చోట్లు) మాత్రం నెబ్యులా మీద పడనివ్వకండి, పడితే అంచుల్లోని పలచటి వాయువుని కూడా లైట్ పొల్యూషన్ కింద జమకట్టి సాఫ్ట్‌వేర్ తుడిచేస్తుంది. తర్వాత సిరిల్ నుంచే స్టార్‌నెట్ (ఫోటోలోంచి చుక్కల్ని వేరుచేసే ప్రోగ్రామ్) నడపండి, లీనియర్ ఇమేజ్‌కి ముందుగా స్ట్రెచ్ చేసే ఆప్షన్‌కి టిక్ పెట్టడం మర్చిపోవద్దు.

ఇక అసలు పనంతా చుక్కలు లేని ఇమేజ్ మీదే. ఒక్క దెబ్బతో కాకుండా సిరిల్‌లోని జనరలైజ్డ్ హైపర్బాలిక్ స్ట్రెచ్ అనే టూల్‌ని కొంచెం కొంచెంగా వాడండి, సిమెట్రీ పాయింట్‌ని (ఏ వెలుగు దగ్గర కాంట్రాస్ట్ ఎక్కువ పెంచాలో చెప్పే సెట్టింగ్) నెబ్యులా మసకగా ఉన్న భాగం వెలుగు దగ్గర పెడితే కాంట్రాస్ట్ అంతా మనకి కావాల్సిన చోటే వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్‌ని కటిక నలుపు చేయకండి, నేనైతే 0-255 స్కేలులో 25 చుట్టుపక్కల ఉంచుతాను. రోజెట్ లోపల సన్నటి నల్లటి ధూళి ముద్దలు వరుసగా ఉంటాయి చూడండి, చుట్టూ నలుపే అయితే వాటికి విలువే ఉండదు.

రంగు విషయానికొస్తే, డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ (హైడ్రోజన్, ఆక్సిజన్ల కాంతిని మాత్రమే లోపలికి వదిలేది) వాడి ఉంటే 656 నానోమీటర్ల హైడ్రోజన్ రెడ్ ఛానెల్‌లోకి, 501 దగ్గరి ఆక్సిజన్ గ్రీన్, బ్లూ రెండింటిలోకీ వస్తాయి. ఆక్సిజన్ బలహీనం, దాన్ని విడిగా కాస్త గట్టిగా స్ట్రెచ్ చేసి కలిపితే మధ్యలో ఎన్‌జీసీ 2244 అనే చుక్కల గుంపు చుట్టూ నీలిఛాయ బయటపడుతుంది, అప్పటిదాకా ఎర్ర ముద్దలా ఉన్నదానికి లోతొస్తుంది. శాచురేషన్ ఇప్పుడు పెంచుకోండి, అదీ మాస్క్ వేసి (మార్పు నెబ్యులా మీదే పడేలా మిగతాది కప్పేసి), లేకపోతే బ్యాక్‌గ్రౌండ్ నాయిస్‌కి కూడా రంగులొస్తాయి. షార్పెనింగ్‌కి ముందు ఒకసారి 100 శాతం జూమ్‌లో చూడండి, స్టార్‌నెట్ వదిలేసిన మచ్చలుంటే అవే ముందు పైకి లేస్తాయి.

స్టార్‌నెట్ వేరుచేసిన చుక్కల్ని తక్కువగా స్ట్రెచ్ చేసి స్క్రీన్ మోడ్‌లో (రెండు ఇమేజ్‌ల వెలుగునీ కలిపే పద్ధతి) తిరిగి కలపండి, వాటి రంగులు నిలుస్తాయి. ఓరియన్ నెబ్యులాకి మాత్రం ఇదంతా చాలదు. దాని మధ్యలోని ట్రెపీజియం అనే చుక్కల గుంపు చుట్టూ ఉన్న భాగం ఫోటో తీసేటప్పుడే పూర్తిగా తెల్లబడిపోతే ఏ స్ట్రెచ్చూ దాన్ని వెనక్కి తేలేదు, కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్లు విడిగా తీసి కలపాల్సిందే.