తమ్ముడి షంట్ కోసం మీటరు చేస్తానంటోంది, ఏ బ్రాంచిలో చేర్చాలి?

ప్రశ్న: సర్, మాది జగిత్యాల దగ్గర పల్లె, వ్యవసాయం. మా పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. దాని తమ్ముడికి తొమ్మిదేళ్లు. పుట్టిన మూడో నెలలోనే తలలో నీరు చేరిందని షంట్ (ఆ నీటిని పొట్టలోకి వదిలే గొట్టం) వేశారు, ఇప్పటికి రెండుసార్లు మార్చారు. వాడు తలనొప్పి అన్నా, వాంతి చేసుకున్నా రాత్రికి రాత్రే హైదరాబాద్ పరుగు, సీటీ స్కాన్, చాలాసార్లు 'ఏం లేదు, తీసుకెళ్లండి' అనడం. మొన్న పాప 'నాన్నా, ఆ గొట్టంలో నీళ్లు పారుతున్నాయో లేదో పైనుంచే చెప్పే మీటరు చేస్తా, అందుకే బయోమెడికల్ చదువుతా' అంది. బంధువులంతా సీఎస్‌ఈ తప్ప వేరేది వద్దంటున్నారు. అసలు అలాంటి మీటరు ఉంటుందా? ఏం చదివించాలి? ఉద్యోగం వస్తుందా?

జవాబు: చదువు సంగతికి ముందు ఒక మాట. నేను డాక్టర్ని కాను, కానీ ఈ ఉత్తరం షంట్ ఉన్న పిల్లల ఇళ్లలో ఇంకొందరు కూడా చదువుతారు కాబట్టి చెప్తున్నా. తలనొప్పి, వాంతులు, మామూలు కంటే మగతగా పడి ఉండటం, ఫిట్స్ వస్తే మీరు ఇప్పుడు చేస్తున్నట్టే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పదిసార్లు 'ఏం లేదు' అన్నారని పదకొండోసారి మానకండి. పిల్లలకు వేసిన షంట్లలో దాదాపు సగం మొదటి రెండేళ్లలోనే ఏదో ఒక రకంగా పాడవుతాయని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు, మీ బాబుకి రెండుసార్లు మార్చడం మీ తప్పూ కాదు, వింతా కాదు.

ఇక మీ పాప చెప్పిన మీటరు. ఉంటుంది. తను ఊహించిన పద్ధతిలోనే ఉంటుంది, అందుకే ఈ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషం వేసింది.

మీరు రైతు కాబట్టి మీకు తేలిగ్గా అర్థమయ్యేలా చెప్తా. మే నెల ఎండలో బోరు మోటారు ఆన్ చేసి, దూరంగా చేను దగ్గర పైపు మీద చెయ్యి పెట్టి చూస్తాం కదా, పైపు కాలుతుంటే నీళ్లు రాలేదని, చల్లబడితే వచ్చాయని. పైపు కోయక్కర్లేదు, లోపలికి చూడక్కర్లేదు. షంట్ మీటరు వెనకున్న ఆలోచన కూడా అచ్చంగా ఇదే. తల నుంచి పొట్టలోకి వెళ్లే ఆ సన్న గొట్టం మెడ దాటి కాలర్ బోన్ మీదుగా పోయేచోట చర్మానికి బాగా దగ్గరగా ఉంటుంది. అమెరికాలో షంట్‌చెక్ అనే పరికరం తయారు చేసినవాళ్లు గొట్టం పైభాగం మీద చర్మానికి ఐసు పెట్టి, కింద కొంత దూరంలో ఉష్ణోగ్రత సెన్సర్ అతికించారు. లోపల ద్రవం పారుతుంటే ఆ చల్లదనం కిందికి వస్తుంది, సెన్సర్‌లో ఉష్ణోగ్రత కాస్త పడుతుంది. తర్వాత నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో జాన్ రోజర్స్ బృందం దీన్ని ఇంకో రకంగా చేసింది. బ్యాండ్‌ఎయిడ్ లాంటి మెత్తని పట్టీ, మధ్యలో చిన్న హీటర్, చుట్టూ సెన్సర్లు. ద్రవం పారుతుంటే వేడి ఒకవైపుకే ఎక్కువగా జరుగుతుంది, పారకపోతే అన్నివైపులా సమానంగా పాకుతుంది. ఆ తేడా లెక్కగట్టి ఫోనుకో కంప్యూటరుకో వైర్‌లెస్‌గా పంపుతుంది. రోగుల మీద వచ్చిన ఫలితాలతో 2018లో వాళ్లు పేపరు వేశారు, అందులోంచి రియాస్ అనే కంపెనీ కూడా పుట్టింది.

అయితే 'అన్నీ కనిపెట్టేశారు, ఇంకేం మిగిలింది' అని పాప నీరుగారిపోకూడదు. మిగిలింది చాలా ఉంది, అసలు కష్టమంతా అక్కడే.

అమ్మా, ఇక్కడినుంచి నీకే రాస్తున్నా. పెద్దవాళ్ల మెదడులో గంటకి సుమారు 20 మిల్లీలీటర్ల ద్రవం తయారవుతుంది, రోజుకి అర లీటరు దాకా. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే మామూలు సెట్‌లో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. అంటే నిమిషానికి ఆరేడు చుక్కలు, అంతే. అదంతా షంట్‌లోంచే పోతుందనుకున్నా, గొట్టం లోపలి వ్యాసం 1.2 మిల్లీమీటర్లు అనుకుని లెక్క వేస్తే సెకనుకి 5 మిల్లీమీటర్ల వేగం వస్తుంది. నువ్వే వేసి చూడు, ఇంటర్ ఫిజిక్స్ చాలు. చీమ కూడా దానికంటే వేగంగా నడుస్తుంది. ఇంత నెమ్మదైన ప్రవాహాన్ని చర్మం మీదనుంచి పట్టుకోవాలి. రక్తనాళాల్లో ప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ ఇక్కడ ఎందుకు సరిగ్గా పనికిరాదంటే, రక్తంలో కణాలుంటాయి, అవి శబ్దాన్ని వెనక్కి కొడతాయి, మెదడు ద్రవం నీళ్లలా తేటగా ఉంటుంది, వెనక్కి కొట్టేదేమీ పెద్దగా ఉండదు. అందుకే అందరూ వేడి, చల్లదనం వెంట పడ్డారు.

పోనీ వేడితో పట్టుకున్నాం అనుకో. ఒకరి చర్మం పలచన, ఇంకొకరికి కొవ్వు మందం. చర్మం కింద రక్తం కూడా పారుతూ వేడిని లాక్కుపోతుంటుంది. పిల్లాడు ఏడిస్తే, జ్వరం వస్తే, గదిలో ఏసీ ఉంటే, మన ఊళ్లో లాగా 42 డిగ్రీల ఎండలో బస్సు దిగి వస్తే రీడింగు మారిపోతుంది. వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది, నేను ఈ విషయం చదువుతున్నప్పుడు నన్ను ఆపేసింది ఇదే. బాగా పనిచేస్తున్న షంట్‌లో కూడా ద్రవం ఎప్పుడూ పారుతూ ఉండదు. లోపల ఒత్తిడి ఒక స్థాయి దాటితేనే వాల్వ్ తెరుచుకుంటుంది. పడుకుంటే ఒకలా, లేచి నిలబడితే ఒకలా. కాబట్టి మీటరు 'పారడం లేదు' అంటే మూసుకుపోయిందనా, ఇప్పుడు పారాల్సిన అవసరం లేదనా? షంట్‌చెక్ వాళ్లకు కూడా ఇదే ఎదురైంది. అందుకే వాల్వ్ దగ్గర సన్నగా కదిలించి కాసేపు ప్రవాహం పుట్టించే చిన్న పరికరాన్ని జోడించారు. అంటే ప్రవాహం కొలవడం సగం పనే, ఆ అంకెకి అర్థం చెప్పడం మిగతా సగం.

ఒక లెక్క చూడు. తలనొప్పితో వచ్చిన 100 మంది పిల్లల్లో 20 మందికి షంట్ నిజంగా మూసుకుపోయింది అనుకుందాం. నీ మీటరు అలాంటివాళ్లలో నూటికి 90 మందిని పట్టుకుంటుంది, బాగున్నవాళ్లలో నూటికి 20 మందిని తప్పుగా 'మూసుకుపోయింది' అంటుంది అనుకుందాం. వినడానికి బాగానే ఉంది కదా. ఇప్పుడు 18 మందిని పట్టుకున్నావు, ఇద్దరిని ఇంటికి పంపించేశావు. బాగున్న 80 మందిలో 16 మందిని మళ్లీ స్కానుకి, కొందరిని ఆపరేషన్ దాకా తోశావు. ఆ ఇద్దరిలో ఒకడు మీ తమ్ముడైతే? ఈ రంగంలో పనిచేసేవాళ్లకి నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇది. అందుకే నీకు సర్క్యూట్లు ఎంత వచ్చినా స్టాటిస్టిక్స్ రాకపోతే ఈ పని చేయలేవు. ఇంటర్‌లో ప్రాబబిలిటీ చాప్టర్ని మార్కుల కోసం చదివి వదిలేయకు.

ఇప్పుడు బ్రాంచి. ఇక్కడ నా అభిప్రాయం మీ ఇద్దరికీ కొంచెం కొత్తగా ఉండొచ్చు. ఈ సమస్య మెదడుకి సంబంధించిందే అయినా, పనిగా చూస్తే కొలతల పని. వేడి ఎలా పాకుతుంది, సన్న గొట్టంలో ద్రవం ఎలా పారుతుంది, మైక్రోవోల్టుల సిగ్నల్‌ని గోలలోంచి ఎలా ఏరుకోవాలి. గొట్టం వ్యాసార్థం సగమైతే అదే ఒత్తిడికి ప్రవాహం పదహారో వంతుకి పడిపోతుందని చెప్పే పాయిజెల్ సూత్రం తెలియనివాళ్లకి షంట్ ఎందుకు మూసుకుపోతుందో కూడా అర్థం కాదు. ఇవి ఈసీఈలో, ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో, మెకానికల్‌లో గట్టిగా నేర్పుతారు. బయోమెడికల్‌లో వీటితో పాటు శరీరం గురించి, ఆసుపత్రి గురించి నేర్పుతారు, అది పెద్ద లాభమే, కానీ కాలేజీ మంచిదైతేనే. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ బీటెక్ ఉంది, ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో ఉంది, నర్సాపూర్ బీవీఆర్ఐటీలో ఉంది. వీటిలో సీటు వస్తే నేను అడ్డు చెప్పను. బ్రాంచి పేరు మాత్రమే బోర్డు మీద ఉండి, ల్యాబూ లేక, ఏ ఆసుపత్రితోనూ సంబంధం లేని కాలేజీ అయితే దానికంటే మంచి కాలేజీలో ఈసీఈ వెయ్యి రెట్లు నయం. కాలేజీకి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ గదిలో కూర్చోకండి, మూడో సంవత్సరం పిల్లల్ని పట్టుకుని 'ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఎన్ని రోజులు ఉన్నారు' అని అడగండి, జవాబు అక్కడే దొరుకుతుంది.

సీఎస్‌ఈ గురించి బంధువులు చెప్పేది పూర్తిగా కొట్టిపారేయను. ఈ పరికరాల్లో ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చాలా ఉంది. కానీ మీ పాపకి సెన్సర్ మీద, గొట్టం మీద మనసుంది, దాన్ని పూర్తిగా స్క్రీన్ ముందు కూర్చోబెడితే నాలుగేళ్లకి ఆ ఆసక్తి ఆరిపోతుందేమోనని నా భయం.

బీటెక్ తర్వాత దారి పెద్దదవుతుంది. ఎంటెక్‌కి రాసే గేట్ పరీక్షలో 2020 నుంచి బయోమెడికల్‌కి విడిగా పేపరు ఉంది, ఈసీఈ, ఇన్‌స్ట్రుమెంటేషన్ పేపర్లతో కూడా చాలాచోట్ల తీసుకుంటారు. నాకు బాగా నచ్చిన కోర్సు క్లినికల్ ఇంజనీరింగ్ ఎంటెక్. దాన్ని ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ కలిసి నడుపుతాయి, ఇంజనీరు ఆసుపత్రిలో డాక్టర్ల పక్కన నిలబడి నేర్చుకుంటాడు. ఆ శ్రీచిత్ర సంస్థే మన దేశపు గుండె వాల్వ్‌ని తయారుచేసి 1990లో మొదటిసారి మనిషికి అమర్చింది.

ఉద్యోగం గురించి దాచకుండా చెప్తా. మొదటి జీతం మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో పోలిస్తే తక్కువే ఉంటుంది. బయోమెడికల్ చదివినవాళ్లలో చాలామంది మొదట ఆసుపత్రి పరికరాల మెయింటెనెన్స్‌లో, సర్వీస్ ఇంజనీర్లుగా, అమ్మకాల్లో, నాణ్యతా పత్రాలు రాసే విభాగాల్లో చేరతారు. వీటిని చిన్నచూపు చూడకండి. 2017లో వచ్చిన మెడికల్ డివైజెస్ రూల్స్ ప్రకారం మన దేశంలో ప్రతి పరికరాన్నీ ప్రమాదాన్ని బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులుగా చూస్తారు, ఆ కాగితాలు తెలిసినవాళ్లు లేకుండా ఏ మీటరూ రోగి దాకా రాదు. షంట్ వాల్వులు తయారుచేసే మెడ్‌ట్రానిక్‌కి హైదరాబాద్‌లో పెద్ద ఇంజనీరింగ్ కేంద్రం ఉంది. హైదరాబాద్ దగ్గర సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైజెస్ పార్కు, విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉన్నాయి. సొంతంగా పరికరం చేయాలనుకుంటే బైరాక్ అనే కేంద్ర సంస్థ బిగ్ పథకం కింద 50 లక్షల వరకు గ్రాంటు ఇస్తుంది, ఐఐటీ హైదరాబాద్‌లో ఆరోగ్య పరికరాల ఆలోచనలకి విడిగా ఫెలోషిప్ ఉంది. ఇల్లు గడవడానికి మొదటి నెల నుంచే పాప జీతం కావాలంటే మాత్రం అది కూడా న్యాయమైన కారణమే, ముందు ఈసీఈ చేసి రెండేళ్లు ఉద్యోగం చేసి తర్వాత ఎంటెక్‌కి రావచ్చు, తలుపు మూసుకుపోదు.

మన దేశంలో ఇది కుదిరే పనేనా అంటే, షంటే సాక్ష్యం. లక్నో న్యూరోసర్జన్ డాక్టర్ ఛాబ్రా పేరుతో ఉన్న షంట్ ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారవుతుంది. ఉగాండాలో 195 మంది పిల్లల మీద దాన్ని ఖరీదైన అమెరికన్ షంట్‌తో పోల్చి చూశారు, 2005లో ఫలితాలు వచ్చాయి. ఏడాది తర్వాత రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు, ధరలో మాత్రం ఒకటి పదుల డాలర్లు, ఇంకొకటి వందల డాలర్లు. మీటరు విషయంలో కూడా ఆ పని ఎవరో చేయాలి. జిల్లా ఆసుపత్రిలో కరెంటు పోతూ వస్తూ ఉన్నా పనిచేసే, నర్సమ్మ పది నిమిషాల్లో వాడగలిగే, ఇంత దూరం నుంచి హైదరాబాద్ వెళ్లాలా వద్దా అని చెప్పడానికి సాయపడే మీటరు. అది అమెరికా ల్యాబులో కూర్చున్నవాళ్లకి తట్టే అవసరం కాదు, రాత్రిపూట తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్న అమ్మాయికి తడుతుంది. 1956లో ఫిలడెల్ఫియాలో సిలికోన్ షంట్ వాల్వ్ చేసిన జాన్ హోల్టర్ కూడా డాక్టరు కాదు, మెషినిస్టు, కొడుక్కి తలలో నీరు చేరితే ఆ పనిలోకి దిగాడు.

అమ్మా, ఈఏపీసెట్ (పాత ఎంసెట్), జేఈఈ అయిపోయాక, అంతకు ముందు వద్దు, ఒక పని చెయ్యి. సెలైన్ సెట్, సన్నని సిలికోన్ గొట్టం, రెండు థర్మిస్టర్లు (చిన్న ఉష్ణోగ్రత సెన్సర్లు), వాటి రీడింగు చదివే ఒక ఆర్డుయినో బోర్డు తెచ్చుకో. గొట్టం మీద చికెన్ కొట్టు నుంచి తెచ్చిన కోడి చర్మం కప్పు. నిమిషానికి ఏడు చుక్కలు వదిలి, పైన ఐసు పెట్టి, కింద ఉష్ణోగ్రత ఎంత పడిందో రాసుకో. తర్వాత చుక్కలు ఆపేసి మళ్లీ రాసుకో. చర్మం రెండు పొరలు వేసి మళ్లీ. ఫ్యాన్ కింద ఒకసారి, ఫ్యాన్ ఆపి ఒకసారి. ఏ పరిస్థితిలో పారేదానికీ పారనిదానికీ తేడా తెలియకుండా పోయిందో దాన్ని విడిగా రాయి, నాకు పంపేటప్పుడు ఆ పేజీ ముందు పంపు. మీ తమ్ముడి మీద మాత్రం ఏదీ పెట్టి చూడొద్దు, ఐసు కూడా వద్దు, ఇంట్లో చేసిన పరికరం 'బాగుంది' అన్నదని ఆసుపత్రికి వెళ్లడం ఒక్క గంట కూడా ఆలస్యం చేయొద్దు. ఈ ఒక్క విషయంలో నాకు మాటివ్వు.

అన్నా, వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు పాప ర్యాంకు, మీరు చూసిన కాలేజీల పేర్లు నాకు రాయండి, వరస కలిసి సరిచేద్దాం.